పలక తర్వాత పలక మార్చి ప్రపంచాన్ని చుట్టారు

తెరచాప పడవలో ఒంటరిగా భూగోళాన్ని చుట్టి వచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్. 1895 ఏప్రిల్ 24న అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి బయలుదేరి, సుమారు 46,000 మైళ్లు తిరిగి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరారు. సామాన్య విజ్ఞాన పుస్తకాల్లో ఈ మాత్రం దొరుకుతుంది. ఆయన పడవ కొత్తది కాదన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. అది ముసలి పడవ. పొలంలో గుడ్డ కప్పి ఏడేళ్లుగా వదిలేసిన పడవ. ఊళ్లో వాళ్లు దాన్ని ఎప్పుడు విరగ్గొడతారా అని చూస్తున్న పడవ.

పాతదాన్ని ఉంచుకోవాలా, వదిలేయాలా అన్న ప్రశ్న ఈ పేజీ చదివేవారికి కొత్త కాదు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా బడులు తెరిచే రోజుల్లో తెలుగు ఇళ్లలో ఆ ప్రశ్న వినబడుతూనే ఉంటుంది. అందుకే ఈసారి ఒక నావికుడి జీవితాన్ని ఎంచుకున్నాం. ఆయన పాతదాన్ని ఎలా చూశారు, ఏమి ఉంచారు, ఏమి మార్చారు, ఎక్కడ అశ్రద్ధ చేశారు అన్నది పిల్లలకూ పెద్దలకూ పనికొస్తుందని మా నమ్మకం.

చెప్పుల కొట్టు నుంచి సముద్రం మీదికి

జాషువా 1844 ఫిబ్రవరి 20న కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియాలో పుట్టాడు. పదకొండు మంది సంతానంలో ఐదోవాడు. తండ్రి మొదట వ్యవసాయం చేసేవాడు. అది సాగక, జాషువాకు ఎనిమిదేళ్లప్పుడు కుటుంబంతో బ్రయర్ దీవికి చేరి బూట్లు కుట్టే కొట్టు పెట్టాడు. తల్లి ఆ దీవిలోని దీపస్తంభం కాపలాదారు కూతురు. ఇంటి చుట్టూ సముద్రమే. ఇంటిలోపల మాత్రం తోలు వాసన, తండ్రి కఠిన శిక్షణ.

పదేళ్లకే జాషువా చదువు ఆగిపోయింది. బడి మాన్పించి కొట్లో కూర్చోబెట్టారు. తీరిక దొరికినప్పుడల్లా చాటుగా ఒక చిన్న ఓడ బొమ్మ చెక్కుకునేవాడు. అది పూర్తి కావొస్తున్న సమయంలో తండ్రి కంటపడింది. ఆయన దాన్ని నేలకేసి కొట్టి ముక్కలు చేశాడు. కొడుకు ఒంటి మీదా దెబ్బలు పడ్డాయి. పద్నాలుగో ఏట జాషువా ఇల్లు వదిలి ఒక చేపల పడవలో వంటవాడిగా చేరాడు. ఆ వంట ఎవరికీ నచ్చక త్వరలోనే తిరిగొచ్చాడు. 1860లో తల్లి చనిపోయింది. ఆ తర్వాత ఇంటితో బంధం తెగింది. పదహారేళ్ల వయసులో కూలి నావికుడిగా ఐరోపా వెళ్లే ఓడ ఎక్కాడు.

బడి ఆగింది గానీ చదువు ఆగలేదు. ఓడల మీద రాత్రి కాపలాలు ముగిశాక నక్షత్రాల లెక్కలు, దిక్కుల గణితం సొంతంగా నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే సెకండ్ మేట్ అర్హత పత్రం సంపాదించాడు. పాతికేళ్లకు ఓడకు కెప్టెన్ అయ్యాడు. ఈలోగా శాన్‌ఫ్రాన్సిస్కో చేరి అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు.

ఓడే ఇల్లు, ఓడే బడి

1871 జనవరిలో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో స్లోకమ్ పెళ్లి జరిగింది. భార్య వర్జీనియా వాకర్. పెళ్లయిన వెంటనే ఆమె భర్త ఓడ ఎక్కారు. ఆ తర్వాత వారి కాపురమంతా నీళ్ల మీదే. ఏడుగురు పిల్లలు పుట్టగా నలుగురు దక్కారు. పుట్టినవారంతా ఓడల మీదో, పరాయి రేవుల్లోనో పుట్టినవారే. పిల్లలకు అక్షరాలు నేర్పింది తల్లి. ఓడ కదులుతున్నా పాఠం ఆగేది కాదు. పసిఫిక్ మహాసముద్రపు రేవులు, ఫిలిప్పీన్స్ అడవులు, చైనా తీరం వారికి ఇరుగుపొరుగు వీధుల్లాంటివి.

స్లోకమ్ కేవలం ఓడలు నడిపిన మనిషి కాదు, కట్టిన మనిషి కూడా. ఫిలిప్పీన్స్‌లో ఒకరి కోసం ఆవిరి ఓడ దేహాన్ని కట్టించి ఇచ్చారు. దానికి ప్రతిఫలంగా పాటో అనే చిన్న తెరచాప ఓడ చేతికొచ్చింది. ఏ కర్ర ఎక్కడ వంగుతుంది, ఏ కర్ర నీటిలో ఎంతకాలం నిలుస్తుంది అన్నది ఆయనకు చేతులతో తెలిసిన విద్య. ముందు ముందు ఆ విద్యే ఆయన్ను నిలబెట్టింది.

1881 నాటికి ఆయన నార్దర్న్ లైట్ అనే పెద్ద ఓడకు కెప్టెన్, అందులో వాటాదారు. కానీ అప్పటికే కాలం మారుతోంది. ఆవిరి ఓడలు వచ్చేశాయి. గాలి మీద ఆధారపడే ఓడలకు సరుకు దొరకడం తగ్గిపోయింది. స్లోకమ్ ఆ పెద్ద ఓడను వదులుకుని, అక్విడ్‌నెక్ అనే చిన్న ఓడ కొన్నారు. 1884 జూలైలో బ్యూనస్ ఎయిర్స్ రేవులో ఆ ఓడ మీదే వర్జీనియా కన్నుమూశారు. ఆమె వయసు 34 ఏళ్లు. ఆ దెబ్బ నుంచి తండ్రి పూర్తిగా కోలుకోలేదని పిల్లలు తర్వాత చెప్పుకున్నారు.

1886లో ఆయన తన బంధువు హెన్రియెట్టాను పెళ్లాడారు. మరుసటి ఏడాది చివర్లో బ్రెజిల్ తీరంలో అక్విడ్‌నెక్ ఇసుక మేట మీదికెక్కి పగిలిపోయింది. ఓడకు బీమా లేదు. సంపాదించిందంతా నీళ్లపాలైంది. ఇంటికి వెళ్లడానికి టికెట్టు డబ్బులు అడిగే బదులు ఆయన అక్కడే ఒక పడవ కట్టడం మొదలుపెట్టారు. పగిలిన ఓడ నుంచి దక్కిన సామాను, దగ్గర్లో దొరికిన కర్ర కలిపి 35 అడుగుల పడవ తయారుచేశారు. 1888 మే 13న, బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన రోజునే, అది నీటిలోకి దిగింది. అందుకే స్వేచ్ఛ అనే అర్థం వచ్చే లిబర్‌దాద్ అని పేరు పెట్టారు. భార్య, ఇద్దరు కొడుకులతో సుమారు 5,500 మైళ్లు నడిపి అమెరికా చేరారు. హెన్రియెట్టాకు సముద్రం మీద అంతటితో విరక్తి కలిగింది. స్లోకమ్‌కు మాత్రం ఒక సంగతి రూఢి అయింది. సరిగ్గా కట్టి, సరిగ్గా నడిపితే చిన్న పడవ కూడా మహాసముద్రం దాటగలదు.

పొలంలో ఒక పడవ

1892 నాటికి ఆయన పరిస్థితి దయనీయం. వయసు 48. నడపడానికి ఓడ లేదు. తెరచాప ఓడల కెప్టెన్లు ఎందరో పనిలేక తిరుగుతున్నారు. ఓడల కార్ఖానాలో కూలికి పోదామన్నా ముందు 50 డాలర్లు సంఘానికి కట్టాలి. ఆ సమయంలో తిమింగలాల వేటలో డబ్బు సంపాదించి విశ్రాంతి తీసుకుంటున్న ఎబెన్ పియర్స్ అనే పాత పరిచయస్తుడు ఆయనకు ఒక ఓడ ఇస్తానన్నాడు. కాస్త మరమ్మతు చేసుకుంటే చాలని కూడా చెప్పాడు.

మాసచూసెట్స్ రాష్ట్రంలోని ఫెయిర్‌హేవెన్ వెళ్లి చూస్తే, ఆ ఓడ నీటిలో లేదు. తీరానికి దూరంగా పొలంలో, గుడ్డ కప్పుకుని ఉంది. పేరు స్ప్రే. ఒకప్పుడు ఆల్చిప్పలు పట్టేవాళ్ల పడవ. వయసెంతో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఊళ్లో వాళ్లయితే నూరేళ్ల నాటిదనేవారు. పియర్స్ ఆటపట్టించాడని స్లోకమ్‌కు అర్థమైంది. అయినా వెనక్కి తిరగలేదు.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి. ఏళ్ల తరబడి నివసించడానికి, దూర దేశాలు తిరగడానికి పాత తెరచాప పడవ కొనేవారు నేటికీ ప్రపంచమంతటా ఉన్నారు. వారందరి ముందూ స్లోకమ్ ఎదుర్కొన్న ప్రశ్నే ఉంటుంది. పైకి కనిపించే రంగు, మెత్తలు, తళతళలాడే ఇత్తడి చూసి కొనేవాడు ఒక రకం. నీళ్లకింద ఉండే భాగం చూసి కొనేవాడు మరో రకం. స్లోకమ్ రెండో రకం. పుచ్చిన పలకలు ఆయన్ను భయపెట్టలేదు, ఎందుకంటే పలక మార్చడం ఆయనకు తెలుసు. ఆయనకు కావలసింది పడవ ఆకారం. స్ప్రే వెడల్పాటి పడవ. బరువు మోయగలదు. లోపల మనిషి నివసించేంత చోటు ఉంది. ఒక్కడు అదుపు చేయగలిగినంత చిన్నది, మహాసముద్రంలో నిలవగలిగినంత పెద్దది. పలకలు పుచ్చితే మార్చుకోవచ్చు. ఆకారమే తప్పయితే ఎంత ఖర్చుపెట్టినా దారికి రాదు.

పని మొదలైంది. దగ్గర్లో ఉన్న ఒక ఓక్ చెట్టు కొట్టి, పడవకు వెన్నెముకలాంటి అడుగు దూలం చెక్కారు. నీళ్లు మరిగించి, పొడవాటి పెట్టెలో ఆవిరి పట్టించి, మెత్తబడిన కర్రలను పక్కటెముకల్లా వంచారు. అడుగు దూలం, పక్కటెముకలు, ముందు కొమ్ము అన్నీ కొత్త ఓక్ కర్రవే. పక్కలకు జార్జియా పైన్ చెక్క, ఒకటిన్నర అంగుళాల మందం. పలకల సందుల్లో దూది, నార కూరి నీరు చొరబడకుండా బిగించారు. అడుగు భాగానికి రాగి కలిసిన రంగు పూశారు, సముద్రపు పురుగులు కర్రను తొలవకుండా.

ఊరివాళ్లు వచ్చి చూసేవారు. మొదట దాన్ని విరగ్గొడుతున్నాడనుకున్నారు. తిరిగి కడుతున్నాడని తెలిశాక, ఇంత శ్రమ గిట్టుబాటవుతుందా అని ఏడాది పొడవునా అడుగుతూనే ఉన్నారు. పాత తిమింగల వేట కెప్టెన్లు మాత్రం కర్రను తట్టి చూసి, మంచులోకైనా వెళ్లగలదని మెచ్చుకున్నారు. ఊరివాళ్లు ఖర్చు చూశారు, పనితెలిసినవారు కర్ర చూశారు.

మొత్తం 13 నెలల సొంత శ్రమ. సామగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. డబ్బు అయిపోయినప్పుడల్లా రేవులో నిలిచిన వేట ఓడల మీద చిన్న చిన్న పనులు చేసి తెచ్చుకునేవారు. పూర్తయిన పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. వెనుక వైపు 10 అడుగులకు 12 అడుగుల గది నివాసానికి, ముందు వైపు చిన్న గది వంటకు. ఇంత చోటులోనే మూడేళ్లు గడిచాయి.

పాత పలకలన్నీ పోయాక అది ఇంకా స్ప్రేయేనా? ఈ ప్రశ్న ఆయనకూ వచ్చింది. ఒక ఓడను భాగం భాగంగా మరమ్మతు చేస్తూ పోతే, చివరికి పాత చెక్క ఒక్కటీ మిగలకపోయినా అది ఆ పేరు ఓడే అన్నది నావికుల నియమం. స్లోకమ్ తన పుస్తకంలో ఆ సంగతి ప్రస్తావించారు. పాత స్ప్రే ఎక్కడ ముగిసిందో, కొత్తది ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమన్నది ఆయన భావం. యానాం పాఠకులకు ఇది వింతగా అనిపించదు. పక్కనే ఉన్న కోరంగి, తాళ్లరేవు ప్రాంతం ఒకప్పుడు చెక్క ఓడల నిర్మాణానికి పేరుమోసింది. చెక్క పడవకు పలక మార్చడమంటే పడవను పోగొట్టుకోవడం కాదు, నిలబెట్టుకోవడం.

నడిపి చూశాకే నమ్మకం

పడవ నీటిలో దిగిన వెంటనే ఆయన ప్రపంచయాత్రకు బయలుదేరలేదు. ఒక కాలమంతా తీరం వెంబడి చేపలు పట్టారు. గాలానికి ఎర సరిగా గుచ్చడం కూడా తనకు రాదని ఆ పనిలో తేలింది. చేపల వల్ల లాభం రాలేదు గానీ పడవ స్వభావం తెలిసింది. ఏ గాలికి ఎలా ఒరుగుతుంది, చుక్కాని వదిలితే ఎటు తిరుగుతుంది అన్నది తీరం దగ్గరే తెలుసుకున్నారు. పాత పడవ కొన్నవారు కనీసం కొన్ని నెలలు దగ్గర నీళ్లలో నడిపి చూడాలన్నది నేటికీ అనుభవజ్ఞుల మాట.

మార్పులు దారిలో కూడా ఆగలేదు. బ్యూనస్ ఎయిర్స్‌లో తెరచాప కొయ్యను ఏడు అడుగులు కోసి పొట్టి చేశారు. ఆ తర్వాత వెనుక వైపు మరో చిన్న తెరచాప అమర్చారు. ఒక్క మనిషి చేతికి పెద్ద చాప బరువవుతుందని, చిన్నవి రెండుంటే తేలికని అనుభవం చెప్పింది. దక్షిణాన టాస్మేనియాలో పడవను ఒడ్డుకు లాగి, అడుగు భాగమంతా తడిమి చూసి, పురుగు పట్టలేదని నిర్ధారించుకుని, మళ్లీ రాగి రంగు పూశారు. కట్టడానికి 13 నెలలు పట్టింది. కాపాడుకోవడం మాత్రం ఏనాటికీ ముగియని పని.

ఒక్కడి ప్రయాణం

బయలుదేరేనాటికి ఆయనకు 51 ఏళ్లు. ఈత రాదు. దూర ప్రయాణాలకు తప్పనిసరి అనుకునే కచ్చితమైన ఓడ గడియారం బాగుచేయించడానికి 15 డాలర్లు అడిగితే, దాన్ని ఇంటి దగ్గరే వదిలేశారు. నోవా స్కోషియాలో ఒక రేకు గడియారం కొన్నారు. దాని ముఖం పగిలి ఉండటంతో ఒకటిన్నర డాలర్ల వస్తువు ఒక డాలరుకే వచ్చింది. చిన్న పడవగా వాడుకోవడానికి ఒక పాత డోరీని సగానికి కోసి డెక్ మీద పెట్టుకున్నారు. అదే స్నానపు తొట్టి, బట్టలుతికే తొట్టి కూడా.

మొదట అట్లాంటిక్ దాటి జిబ్రాల్టర్ చేరారు. దారిలో అజోర్స్ దీవుల్లో ఇచ్చిన పళ్లు, జున్ను కలిపి తిని కడుపునొప్పితో స్పృహ తప్పారు. ఆ జ్వరంలో కొలంబస్ కాలపు నావికుడొకడు వచ్చి చుక్కాని పట్టినట్టు కనిపించింది. తేరుకుని చూస్తే పడవ సరైన దారిలోనే ఉంది. మధ్యధరా సముద్రంలో దొంగల బెడద ఉందని జిబ్రాల్టర్‌లోని అధికారులు హెచ్చరించడంతో, తూర్పు దారి మానుకుని మళ్లీ అట్లాంటిక్ దాటి పడమటి దారి పట్టారు.

ఉరుగ్వే తీరంలో స్ప్రే ఇసుకలో కూరుకుపోయింది. లంగరు వేయబోతే డోరీ తిరగబడింది. ఈత రాని మనిషి దాని అంచు పట్టుకుని ఎలాగో బయటపడ్డారు. దక్షిణ అమెరికా కొసన మెజెల్లన్ జలసంధిలో గాలులు కొండల మీంచి దూకినట్టు విరుచుకుపడతాయి. పంటా అరేనాస్ రేవులో ఒక స్నేహితుడు ఒక సంచి నిండా తివాచీ మేకులిచ్చాడు. రాత్రి నిద్రపోయే ముందు వాటిని డెక్ మీద మొనలు పైకి ఉండేలా చల్లుకున్నారు. చీకట్లో పడవెక్కినవారు కేకలు పెడుతూ నీళ్లలోకి దూకారు. జలసంధి దాటీ దాటగానే తుపాను స్ప్రేను కేప్ హార్న్ వైపు నెట్టింది. రాత్రంతా నురగలు కక్కే రాళ్ల మధ్య పడవ నడిచింది. చినిగిన చాపలను సూది దారం పట్టుకుని తానే కుట్టుకున్నారు. చిన్నప్పుడు చెప్పుల కొట్లో పట్టిన సూది ఆ వేళ అక్కరకొచ్చింది.

జువాన్ ఫెర్నాండెజ్ దీవిలో ఊరివాళ్లకు పిండి వంట నేర్పి, దారిలో దొరికిన కొవ్వు అమ్ముకున్నారు. అక్కడి నుంచి సమోవా వరకు 72 రోజులు ఎక్కడా ఆగలేదు. ఆ దారిలోనే లెక్కల ఉపాధ్యాయులకు నచ్చే సంఘటన జరిగింది. చంద్రుడికీ సూర్యుడికీ మధ్య దూరం కొలిచి, పడవ ఎక్కడుందో లెక్కగట్టారు. మొదటి ఫలితం అసాధ్యంగా వచ్చింది. కొలత సరిగానే ఉంది. లెక్క మళ్లీ చేసినా అదే జవాబు. చివరికి అచ్చు పుస్తకంలోని సంవర్గమానాల పట్టికలోనే తప్పుందని కనిపెట్టారు. పదేళ్లకే బడి మానిన మనిషి, సముద్రం మధ్యలో ఒంటరిగా, అచ్చయిన పట్టికను దిద్దుకుని ముందుకు సాగారు.

సమోవాలో రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ భార్య ఆయన్ను ఆదరించి, భర్త వాడిన నావికా పుస్తకాలు కానుకగా ఇచ్చారు. మెల్‌బోర్న్‌లో రేవు సుంకం కట్టమన్నారు. పడవ చూడ్డానికి వచ్చేవారి దగ్గర తలా ఆరు పెన్నీలు వసూలు చేసి ఆ డబ్బు రాబట్టుకున్నారు. చూసేవారు తగ్గాక ఒక షార్క్‌ను పట్టి, దాన్ని చూపించి వసూలు చేశారు. ఏళ్ల తరబడి పడవలో బతకాలంటే దారిలోనే సంపాదన వెతుక్కోక తప్పదు.

స్ప్రే గొప్పతనం హిందూ మహాసముద్రంలో తేలింది. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న థర్స్‌డే దీవి నుంచి కోకోస్ కీలింగ్ దీవుల వరకు 2,700 మైళ్లు. 23 రోజుల ఆ ప్రయాణంలో ఆయన చుక్కాని పట్టింది మొత్తం మీద మూడు గంటలకన్నా తక్కువ. చుక్కానిని ఒకచోట కట్టేసి, చాపలు సరిచేసి వదిలితే పడవ తన దారి తానే చూసుకునేది. ఆయన వంట చేసుకుంటూ, పుస్తకాలు చదువుకుంటూ కూర్చున్నారు. పొలంలో గుడ్డ కింద పడున్న రోజుల్లోనే ఆ సమతూకం దాని ఆకారంలో ఉంది.

దక్షిణాఫ్రికాలో అధ్యక్షుడు క్రూగర్‌ను కలిశారు. ప్రపంచం చుట్టూ తిరుగుతున్న మనిషి అని పరిచయం చేస్తే, భూమి బల్లపరుపు అని నమ్మే క్రూగర్ ఆ మాటను ఒప్పుకోలేదు. సెయింట్ హెలీనా దీవిలో ఒకరు మేకను కానుకగా ఇచ్చారు. అది తాళ్లు కొరికి, వెస్టిండీస్ సముద్ర పటాన్ని తినేసింది. ఆ సముద్రంలో పటం లేకుండానే పడవ నడిపారు. 1898 జూన్ 27 అర్ధరాత్రి దాటాక న్యూపోర్ట్‌లో లంగరు వేశారు. కొద్ది రోజులకే ఫెయిర్‌హేవెన్ వెళ్లి, పడవను మొదటిసారి నీటిలోకి దించినప్పుడు ఒడ్డున పాతిన దేవదారు గుంజకే దాన్ని కట్టేశారు.

చివరి ఏళ్లు

1900లో ఆయన యాత్రా కథ పుస్తకంగా వచ్చింది. 'సెయిలింగ్ అలోన్ అరౌండ్ ది వరల్డ్' అన్న ఆ పుస్తకం నేటికీ అచ్చులో ఉంది. బడి చదువు లేని మనిషి రాసిన తేట ఇంగ్లిషుకు అదొక మంచి ఉదాహరణ. వచ్చిన డబ్బుతో మార్థాస్ విన్‌యార్డ్ దీవిలో ఇల్లు, పొలం కొన్నారు. నేల మీద ఎక్కువ కాలం నిలవలేకపోయారు. చలికాలం వస్తే స్ప్రే ఎక్కి దక్షిణాది దీవులకు వెళ్లిపోయేవారు.

ఆయన జీవితంలో మచ్చ కూడా ఉంది. 1906లో న్యూజెర్సీలో ఒక బాలిక పట్ల అసభ్యంగా ప్రవర్తించారన్న అభియోగం వచ్చింది. ఆయన దాన్ని కోర్టులో ఎదుర్కోలేదు, 42 రోజులు జైల్లో గడిపారు. జీవిత చరిత్ర చెప్పేటప్పుడు దీన్ని దాచడం సరికాదని మేము భావిస్తున్నాం. సాహసాన్ని మెచ్చుకోవడం వేరు, మనిషిని పూజించడం వేరు.

ఆ చివరి ఏళ్లలో స్ప్రేకు మునుపటి శ్రద్ధ అందలేదని చూసినవారు రాశారు. తాళ్లు వదులయ్యాయి, పడవ నలిగిపోయినట్టు కనిపించేది. 1909 నవంబరులో ఒరినోకో, అమెజాన్ నదుల వైపు వెళ్తానని ఆయన ఒంటరిగా బయలుదేరారు. ఆ తర్వాత ఆయననూ స్ప్రేనూ ఎవరూ చూడలేదు. 1924లో న్యాయస్థానం ఆయన మరణించినట్టు ప్రకటించింది. ఏదైనా ఓడ గుద్దిందా, తుపాను ముంచిందా, పలక ఊడిందా అన్నది తేలలేదు.

ఆయన తర్వాత స్ప్రే నమూనాలో ప్రపంచమంతటా ఎన్నో పడవలు కట్టారు. నిపుణుల అభిప్రాయాలు రెండు రకాలు. దాని సమతూకం అద్భుతమని కొందరన్నారు. వెడల్పు వల్ల అది మామూలుగా ఒరగదు గానీ, బరువంతా లోపలే ఉండటం వల్ల ఒక హద్దు దాటి ఒరిగితే తిరిగి లేవడం కష్టమని మరికొందరు హెచ్చరించారు. రెండూ నిజమే. లోపం లేని పడవ ఉండదు. ఆ లోపం తెలిసి నడిపేవాడికే అది పనికొస్తుంది.

మన ఇళ్లకు, తరగతులకు

ఈ జీవితంలో నుంచి తరగతికి తీసుకోదగ్గవి చాలా ఉన్నాయి. గ్లోబు మీద దారం పెట్టి స్ప్రే దారి గీయించవచ్చు. పడమటి దిక్కుగా భూమిని చుట్టినవాడి పంచాంగంలో ఒక రోజు ఎందుకు తేడా వస్తుందో లెక్క చేయించవచ్చు. గడియారానికీ రేఖాంశానికీ సంబంధమేమిటో, 24 గంటలకు 360 డిగ్రీలైతే గంటకు ఎన్ని డిగ్రీలో అడగవచ్చు. పై తరగతుల పిల్లలకు చెక్క ఆవిరికి ఎందుకు మెత్తబడుతుందో, రాగి రంగు పురుగును ఎలా ఆపుతుందో విజ్ఞాన పాఠంగా చెప్పవచ్చు. యానాం, కాకినాడ తీరాల పిల్లలైతే దగ్గర్లోని వడ్రంగి దగ్గరికి వెళ్లి పలక ఎలా మారుస్తారో చూసి రావచ్చు.

తల్లిదండ్రులకు మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. పాతదంతా మంచిదని స్లోకమ్ నమ్మలేదు. పుచ్చిన పలకను మొహమాటపడకుండా తీసేశారు. కొయ్య పొడవైతే కోసేశారు. అవసరమైతే కొత్త చాప కట్టారు. అయితే నూరేళ్ల అనుభవం మలచిన ఆకారాన్ని మాత్రం వదులుకోలేదు. రాష్ట్ర భాష, ఇంగ్లిషు, కంప్యూటరు నేర్పుతూనే తెలుగు అక్షరాన్ని నిలుపుకుంటున్న చిన్న బడులు చేస్తున్న పని కూడా ఇలాంటిదే. అక్కడా గిట్టుబాటవుతుందా అని అడిగేవారు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. బడిని చూడ్డానికి వెళ్లినప్పుడు గోడల రంగుతో ఆగకుండా అడుగు దూలాన్ని తట్టి చూడండి. ఉపాధ్యాయుడు పిల్లవాడితో ఎలా మాట్లాడుతున్నాడు, పిల్లవాడు ఇంటి భాషలో ప్రశ్న అడగగలుగుతున్నాడా, చదివింది తన మాటల్లో చెప్పగలుగుతున్నాడా అన్నవే ఆ దూలం. అది గట్టిగా ఉంటే మిగతా పలకలు మార్చుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఏటేటా ఒడ్డుకు లాగి అడుగు భాగం చూసుకుంటూ ఉండాలి. చివరి ఏళ్లలో స్ప్రేకు అందనిది ఆ శ్రద్ధే.